పెరటి ఇంట్లో ఎవరుంటున్నారు?



కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, పిల్లల కాలేజీలూ గ్రీన్‌కార్డు క్యూలూ అయిపోయాక, మాట ఈమధ్య పెరట్లోకి వెళుతోంది. "మీరూ కడుతున్నారటగా?" అని ఒకరంటే, "ప్లాన్లు సిటీకి ఇచ్చామండీ, చూడాలి" అని ఇంకొకరు. కట్టేది ఏడీయూ. అంటే ఉన్న ఇంటి వెనక ఖాళీ జాగాలో, వంటిల్లు, బాత్‌రూమ్, రాకపోకలకు వేరే దారి ఉన్న చిన్న ఇల్లు. ఫ్రీమాంట్‌లో అయినా, శాన్ హోసేలో అయినా, డబ్లిన్‌లో అయినా మనవాళ్ళు కట్టే కారణం దాదాపు ఒకటే. అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు మెట్లెక్కే అవస్థ లేకుండా వాళ్ళకంటూ ఒక చోటు ఉండాలి. వాళ్ళు తిరిగి వెళ్ళాక అద్దెకిస్తే లోను వాయిదాకి కాస్త ఆసరా అవుతుంది.

లెక్క బాగానే ఉంది. కిచెన్ కౌంటర్ రంగు దగ్గర్నుంచి బయట వేసే లైటు దాకా ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. ఇన్సూరెన్స్ మాట ఎత్తితే మాత్రం, "ఇంటికి ఉంది కదండీ, అందులోనే వస్తుందిలే" అని తేల్చేస్తారు. వస్తుందా రాదా అన్నది ఆ చిన్న ఇంట్లో ఎవరుంటున్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది. అవే గోడలు, అదే కప్పు. లోపల మనిషి మారగానే పాలసీ చెప్పే జవాబు మారుతుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి గురించే.

ముందుగా ఇన్ని ఇళ్ళు ఎందుకు లేస్తున్నాయో రెండు ముక్కలు. కాలిఫోర్నియాలో ఇళ్ళ కొరత మీకు నేను చెప్పక్కర్లేదు. 2017 జనవరి నుంచీ, ఆ తర్వాత ఇంకా గట్టిగా 2020 జనవరి నుంచీ, రాష్ట్ర చట్టాలు ఈ పెరటి ఇళ్ళకి దారి సుగమం చేశాయి. నిబంధనలకు సరిపోయే దరఖాస్తు మీద సిటీ 60 రోజుల్లో తేల్చాలి. పక్క ప్రహరీ నుంచి, వెనక ప్రహరీ నుంచి 4 అడుగులు వదిలితే చాలు. 800 చదరపు అడుగుల దాకా ఉన్న ఇంటిని, మిగతా కొలతలు సరిగ్గా ఉంటే, సిటీ కాదనడానికి వీల్లేదు. 750 అడుగుల లోపు అయితే ఇంపాక్ట్ ఫీజు కూడా లేదు. యజమాని అక్కడే కాపురం ఉండాలన్న పాత షరతు కూడా ఇలా విడిగా కట్టే ఇళ్ళకి పోయింది. శాన్ హోసేలో అయితే పెరటి ఇంటిని కాండోలాగా విడిగా అమ్ముకునే వీలు కూడా 2024లో వచ్చింది.

చట్టం ఇంత వేగంగా మారింది. ఇన్సూరెన్స్ ఫారాలు అంత వేగంగా మారలేదు. మీ ఇంటి పాలసీకి మూలమైన ప్రామాణిక ఫారాన్ని హెచ్‌ఓ-3 అంటారు. ఒక జాగాలో ఒక ఇల్లు, అందులో యజమాని కుటుంబం, వెనక మహా అయితే ఒక గ్యారేజీ, పనిముట్ల షెడ్డు. ఈ బొమ్మని మనసులో పెట్టుకుని రాసిన కాగితం అది. మీ పెరట్లో ఇప్పుడు ఉన్నది షెడ్డు కాదు, పూర్తిస్థాయి ఇల్లు. కాగితం మాత్రం దాన్ని ఇంకా షెడ్డు వరసలోనే కూర్చోబెడుతుంది.

ఇంటికి వెళ్ళాక పాలసీ మొదటి పేజీ తీయండి. డిక్లరేషన్ పేజీ అంటారు. అందులో ఏ, బీ, సీ, డీ అని వరసగా ఉంటాయి. ఏ అంటే మీరుండే ఇల్లు. బీ అంటే ఆ ఇంటికి అంటుకోకుండా, మధ్యలో ఖాళీ ఉండి, అదే జాగాలో విడిగా ఉన్న కట్టడాలు. సీ అంటే లోపలి సామాను. డీ అంటే ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే బయట ఉండటానికయ్యే ఖర్చు, అద్దెకిచ్చిన భాగం ఉంటే దాని మీద పోయిన అద్దె. ఆ కింద ఈ, ఎఫ్ అని ఇంకో రెండు. మీవల్ల ఇంకొకరికి దెబ్బ తగిలినా నష్టం జరిగినా మీ మీదకొచ్చే బాధ్యత "ఈ" కిందికి వస్తుంది. చిన్న చిన్న వైద్య ఖర్చులు ఎఫ్ కిందికి వస్తాయి.

పెరటి ఇల్లు విడిగా ఉంటే బీ కిందికి వస్తుంది. కంచె కలిసిందనో, కరెంటు తీగో నీటి గొట్టమో ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వెళ్ళిందనో అంటుకున్నట్టు లెక్క వేయరు. గోడకి గోడ కలిపి కడితేనే, లేదా ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీనే ఇల్లుగా మారిస్తేనే ఏ కిందికి వస్తుంది. అప్పుడు ఏ మొత్తాన్ని పెంచుకోవాలి, ఒక కుటుంబం ఇల్లు రెండు కుటుంబాల ఇల్లు అయిందని కంపెనీకి చెప్పుకోవాలి.

ఇక బీ ఎదురుగా ఉన్న అంకె చూడండి. మామూలుగా అది ఏ మొత్తంలో పదో వంతు. మీ ఇల్లు మళ్ళీ కట్టడానికి 6 లక్షల డాలర్లని ఏ దగ్గర రాసి ఉందనుకుందాం. బీ 60 వేలు అవుతుంది. పెరటి ఇంటికి మీరు 2 లక్షల 80 వేలు పోశారనుకోండి. అది కాలిపోతే 2 లక్షల 20 వేలు మీ జేబులోంచి పోవాలి. పైగా ఆ 60 వేలల్లోనే కంచె, షెడ్డు కూడా ఉంటాయి. కాబట్టి ముందు బీ మొత్తాన్ని పెంచుకోవాలి. దానికి ఒక ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు కాగితం ఉంటుంది, ప్రామాణిక ఫారాల్లో దాని నంబరు 04 48. కొన్ని కంపెనీలు తమ సొంత పేర్లు పెట్టుకుంటాయి. పేరేదైనా కావలసింది అంకె పెరగడం.

అంకె పెరిగితే సరిపోతుందా? అమ్మానాన్న ఉంటున్నంత కాలం చాలావరకు సరిపోతుంది. అద్దెకిస్తే సరిపోదు.

బీ గురించి రాసిన పేరాలో, చాలామంది కళ్ళు దాటిపోయే ఒక వాక్యం ఉంది. దాని సారాంశం ఇది: ప్రధాన ఇంట్లో అద్దెకున్నవాళ్ళకి కాకుండా వేరేవాళ్ళకి అద్దెకిచ్చిన కట్టడానికీ, అద్దెకివ్వడం కోసం ఉంచిన కట్టడానికీ ఈ పాలసీ వర్తించదు, ఒట్టి సొంత గ్యారేజీగా వాడుకుంటే తప్ప. మీ పాలసీలో ఈ వాక్యం ఉంటే, మీరు పెంచుకున్న ఆ 2 లక్షల 80 వేలు కూడా అక్కరకు రాకుండా పోవచ్చు. కాలినా, గొట్టం పగిలినా, చెట్టు మీద పడినా సరే.

"అద్దెకివ్వడం కోసం ఉంచిన" అన్న మాటని ఇంకోసారి వినండి. కిరాయిదారు ఇంకా రాలేదు, ఇల్లు ఖాళీగానే ఉంది. కానీ మీరు ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టారు. "ఒక పడకగది, విడి ప్రవేశం, బార్ట్ స్టేషన్‌కి దగ్గర, శాకాహారులకి ప్రాధాన్యం" అని రాశారు. ఆ క్షణం నుంచీ అది అద్దెకుంచిన ఇల్లే. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ మనిషి ఆ ప్రకటన చూడడనుకోకండి. ఇలాంటివి వెతకడం ఆయన ఉద్యోగంలో భాగం.

ఇంకొకటి మనవాళ్ళ నోట తరచుగా వినబడే మాట. "అద్దె కాదండీ, మా తమ్ముడి ఫ్రెండు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు, కరెంటు బిల్లుకని ఏదో నెలకింత ఇస్తున్నాడు." ఆ ఏదో నెలనెలా ఒకే తారీకున, ఒకే మొత్తంలో మీ ఖాతాలో పడుతుంటే దాన్ని అద్దె అనే అంటారు. కాదని మీరు వాదించవచ్చు. ఇల్లు కాలిపోయిన పూట ఆ వాదన పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది?

దీనికి మందు ఉంది, అదీ పెద్ద ఖరీదైనదేమీ కాదు. మీ జాగాలోని కట్టడం అద్దెకిచ్చినా పాలసీ నిలబడేటట్టు చేసే ఎండార్స్‌మెంట్ వేరే ఉంది. ప్రామాణిక నంబరు 04 40. అందులో ఆ కట్టడం ఏదో, దానికి ఎంత మొత్తమో రాస్తారు. కిరాయిదారు జారిపడి మీ మీద దావా వేస్తే వచ్చే బాధ్యత కూడా దానితో స్పష్టమవుతుంది. మీ కంపెనీ ఇలాంటిది ఇవ్వనంటే, పెరటి ఇంటికి వేరేగా అద్దె ఇళ్ళ పాలసీ తీసుకోవాలి, దాన్ని డీపీ-3 అంటారు. ఒకే జాగాకి రెండు కంపెనీలవాళ్ళుంటే, మధ్యలో ఉన్న డెక్కు ఎవరిది, కంచె ఎవరిది అని నెట్టుకునే ప్రమాదం ఉంది. అందుకని వీలైనంతవరకు ఒకే కంపెనీ దగ్గర ఉంచడం మేలని నా అభిప్రాయం, ప్రీమియం కాస్త ఎక్కువైనా సరే.

అమ్మానాన్న ఉన్నప్పుడు చాలావరకు పరవాలేదన్నాను కదా, ఆ "చాలావరకు" ఎందుకో చెప్పాలి. మీ పాలసీలో బీమా ఉన్న మనుషులంటే మీరూ, మీ ఇంట్లో మీతో కలిసి ఉంటున్న బంధువులూ. వేరే వంట, వేరే తలుపు ఉన్న ఇంట్లో ఉన్నవాళ్ళు మీ ఇంట్లో కలిసి ఉన్నట్టా, వేరు కాపురమా? దీని మీద వాదోపవాదాలకి చోటుంది. ఏజెంటుని అడిగి, వాళ్ళ సామాను మీ సీ కిందికి వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండోది బంగారం. మన అమ్మలు విమానం దిగేటప్పుడు చేతికున్న గాజులూ మెడలో ఉన్న గొలుసులూ కాక, మనవరాలికని సంచిలో తెచ్చినవీ ఉంటాయి. ప్రామాణిక ఫారంలో నగల దొంగతనానికి ఇచ్చేది మొత్తం మీద 1,500 డాలర్లే. ఒక్కో నగకి కాదు, అన్నిటికీ కలిపి. ఇవాళ్టి బంగారం ధరకి ఆ డబ్బుకి ఎన్ని గ్రాములొస్తాయో మీరే లెక్కేసుకోండి. విలువ కట్టించి నగలని పాలసీలో విడిగా రాయిస్తేనే ఆ పరిమితి తొలుగుతుంది. ఇక మామగారికి గుండెనొప్పి వస్తే ఇంటి ఇన్సూరెన్స్‌కి సంబంధం లేదు, సందర్శకుల వైద్య పాలసీ వేరే ఉండాలి. ఈ మాట తెలియనివాళ్ళు ఉండరనే అనుకుంటాను, అయినా చెప్పాను.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం. ఇల్లు ఇంకా లేవలేదు, పునాది తవ్వుతున్నారు. ఈ దశకి వేరే రకం చిక్కులున్నాయి. నిజానికి నేను ఎక్కువ భయపడేది ఈ నెలల గురించే.

శుక్రవారం సాయంత్రం. గోడలకి ప్లైవుడ్డు కొట్టారు, తలుపు బిగించారు గాని తాళం గట్టిది కాదు. ఆ మధ్యాహ్నమే లారీ వచ్చి ఫ్రిజ్, స్టవ్, నీళ్ళు కాచే హీట్ పంపు దింపి వెళ్ళింది. మూలన రాగి తీగ చుట్టలు ఉన్నాయి. సోమవారం ఉదయం ఎలక్ట్రీషియన్ వచ్చి, "సార్, తీగ ఎక్కడ పెట్టారు?" అని అడిగితే గాని మీకు తెలియలేదు. ఇంటి పాలసీ ఏమంటుంది? ఆ సామాను నిప్పంటుకుని కాలిపోయి ఉంటే ఇచ్చి ఉండేది. కట్టడానికి తెచ్చి జాగాలో పెట్టుకున్న సరుకుకి కూడా పాలసీ ఉంటుంది. కాని కడుతున్న ఇంట్లో దొంగతనం, కట్టుబడి సరుకు దొంగతనం, ఇల్లు పూర్తయి అందులో మనుషులు చేరేదాకా వర్తించవని ప్రామాణిక ఫారంలో రాసి ఉంటుంది. కాలితే డబ్బు, పోతే లేదు.

అందుకే కట్టుబడి కాలానికి ప్రత్యేకమైన పాలసీ ఒకటుంది. బిల్డర్స్ రిస్క్ అంటారు, కొందరు కోర్స్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ అంటారు. రెండూ ఒకటే. పని సాగేకొద్దీ కట్టడం విలువ పెరుగుతుంది కాబట్టి, పూర్తయ్యాక ఎంత విలువుంటుందో ఆ మొత్తానికి తీసుకోవాలి. దాన్ని ఎవరు కొనాలి, మీరా కాంట్రాక్టరా అన్నది ఒప్పందంలోనే తేల్చండి. "ఆయన తీసుకుని ఉంటాడు" అని మీరు, "వాళ్ళ ఇంటికి ఉంటుంది" అని ఆయన అనుకుని ఇద్దరూ నిశ్చింతగా ఉన్న సందర్భాలు లేకపోలేదు. ఇంకో మెలిక. ఈ పాలసీ ఇల్లు పూర్తయినప్పుడో, మనుషులు చేరినప్పుడో ముగిసిపోతుంది. సిటీ ఇన్‌స్పెక్టరు చివరి సంతకం పెట్టిన రోజుకీ, మీరు ఏజెంటుకి ఫోన్ చేసి బీ మొత్తం పెంచుకున్న రోజుకీ మధ్య ఎన్ని రోజులుంటే అన్ని రోజులు ఆ ఇంటికి దిక్కులేనట్టే.

కాంట్రాక్టరు సంగతికొస్తే, నేను కాస్త కటువుగా మాట్లాడతాను. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్లకి లైసెన్సులిచ్చే బోర్డు ఒకటుంది, సీఎస్ఎల్‌బీ. వాళ్ళ వెబ్‌సైటులో లైసెన్సు నంబరు కొడితే అది బతికుందా లేదా, పనివాళ్ళకి దెబ్బ తగిలితే ఆదుకునే వర్కర్స్ కాంపెన్సేషన్ ఉందా లేదా రెండు నిమిషాల్లో కనిపిస్తుంది. ఇంటి పనికి అడ్వాన్సుగా కాంట్రాక్టు మొత్తంలో పదో వంతు లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకి మించి అడగకూడదని చట్టం. 30 వేలు ముందిస్తేనే పని మొదలుపెడతానన్న మనిషి ఆ ఒక్క మాటతోనే తన సంగతి చెప్పేసుకున్నాడు. లైసెన్సు కోసం ఆయన పెట్టిన 25 వేల డాలర్ల బాండు చూసి ధైర్యపడకండి, అది ఇన్సూరెన్స్ కాదు. పైగా ఆ 25 వేల మీద మీలాంటి నలుగురు పోటీ పడవచ్చు. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది, లైసెన్సుకి జనరల్ లయబిలిటీ పాలసీ చాలామంది కాంట్రాక్టర్లకి తప్పనిసరి కాదు. అందుకని మీరే అడగాలి. ఆయన ఫోన్లో చూపించిన పీడీఎఫ్ కాకుండా, ఆయన ఇన్సూరెన్స్ బ్రోకరు నుంచి నేరుగా మీకు సర్టిఫికెట్ రావాలి. అందులో మీ పేరు అదనపు బీమాదారుగా ఉండాలి.

"మనోడేనండీ, లైసెన్సు లేదు గాని పనితనం బంగారం, సగానికి సగం తగ్గిస్తాడు." ఇదీ విన్నాను. లైసెన్సు కావలసిన పనికి లైసెన్సు లేనివాణ్ణి పెట్టుకుంటే, కాలిఫోర్నియా కార్మిక చట్టం దృష్టిలో అతని కింద పనిచేసేవాళ్ళకి మీరే యజమాని అయ్యే అవకాశం ఉంది. కప్పు మీంచి ఒకడు పడి నడుము విరిగితే, అతని ఆసుపత్రి ఖర్చూ, పని చేయలేని నెలల జీతమూ ఎవరి తలుపు తడతాయో ఊహించుకోండి. ఇంటి పాలసీలో ఇంట్లో పనిచేసేవాళ్ళ కోసం కొంత వర్కర్స్ కాంపెన్సేషన్ ఉంటుంది, చట్టప్రకారం ఉండాలి కూడా. కాని దానికి పని గంటల షరతులూ, సంపాదన షరతులూ ఉన్నాయి, నిన్న వచ్చినవాడు వాటిలో ఇమడకపోవచ్చు. ఓనర్-బిల్డర్ అని మీ పేరు మీదే పర్మిట్ తీసుకుంటే డబ్బు మిగులుతుందని చెప్పే సలహాదారులు కూడా ఉన్నారు. పర్మిట్‌తో పాటు ఈ బరువు కూడా మీ నెత్తికే వస్తుందని మాత్రం వాళ్ళు చెప్పరు.

ఇంతదాకా విన్నాక మీలో కొందరు మనసులో అనుకుంటున్న మాట నాకు తెలుసు. "కంపెనీకి చెబితే పాలసీ తీసేస్తారేమో, ఎందుకొచ్చిన గొడవ, ఊరుకుంటే పోలా?" ఈ భయం ఉత్తది కాదు. 2023 మేలో స్టేట్ ఫార్మ్ కంపెనీ కాలిఫోర్నియాలో ఇళ్ళకి కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేసింది. అంతకు ముందే ఆల్‌స్టేట్ ఆపింది. 2025 జనవరి 7న లాస్ ఏంజిలెస్ దగ్గర పాలిసేడ్స్‌లోనూ, అల్టడీనా పక్కన ఈటన్ కాన్యన్‌లోనూ లేచిన మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు పోయాయి. కొండల అంచున ఇళ్ళున్నవాళ్ళకి పాలసీ దొరకడమే పండగలా ఉంది ఇప్పుడు. అలాంటప్పుడు ఉన్న ఏజెంటు దగ్గరికి వెళ్ళి కొత్త సంగతి చెప్పాలంటే కాళ్ళు వెనక్కి లాగుతాయి.

మన ఊళ్ళ అలవాటు కూడా ఒకటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి పైన ఒక పోర్షన్ వేసి అద్దెకిచ్చినప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళే తక్కువ. ఇక పైన ఎవరున్నారని అడిగే కంపెనీ ఎక్కడిది? బీమా అంటే ఎల్‌ఐసీ, కట్టినంత కట్టి చివర్లో మొత్తంగా తీసుకోవడం. ఆ లెక్కలో పెరిగినవాళ్ళకి, ఏ మార్పు జరిగినా ముందుగా చెప్పుకోవాల్సిన పాలసీ కొత్తగానే ఉంటుంది.

కాని చట్టం ఏమంటుందో వినండి. కాలిఫోర్నియా ఇన్సూరెన్స్ కోడ్‌లో 331వ సెక్షన్ ప్రకారం, చెప్పాల్సిన సంగతి దాచిపెడితే, కావాలని దాచినా కావాలని కాకపోయినా, కంపెనీకి ఆ ఒప్పందాన్ని రద్దు చేసే హక్కుంది. కొత్త పాలసీ తీసుకునేటప్పుడు దరఖాస్తులో "జాగాలో వేరే నివాసం ఉందా" అన్న ప్రశ్నకి లేదని రాస్తే, పెరటి ఇంటి సంగతి అటుంచి పెద్దింటి పాలసీకే ఎసరొస్తుంది. పర్మిట్ లేకుండా గ్యారేజీలో స్టవ్ పెట్టి అద్దెకిచ్చినవాళ్ళ పరిస్థితి ఇంకా అధ్వానం. చెబితే కంపెనీ రెన్యూ చేయనని అనవచ్చు, నిజమే. అయితే ఇక్కడ రెన్యూ చేయకపోతే 75 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ వ్యవధిలో ఇంకొకటి వెతుక్కోవచ్చు. కాలిపోయిన తర్వాత వెతుక్కోవడానికి ఏమీ మిగలదు. కాబట్టి పునాది తవ్వకముందే, ప్లాన్లు కాగితం మీదే ఉన్నప్పుడు ఏజెంటుతో మాట్లాడితే, కుదరదన్నా ఇంకో దారి చూసుకునే వీలు చేతిలో ఉంటుంది.

ఎక్కడా దొరక్కపోతే ఫెయిర్ ప్లాన్ ఉంది. 1968 నుంచీ ఉన్న ఏర్పాటిది. ప్రభుత్వ ఖజానాది కాదు, రాష్ట్రంలో వ్యాపారం చేసే కంపెనీలన్నీ కలిసి మోసేది. నిప్పు, పిడుగు, ఇంటి లోపల పేలుడు, పొగ, ముఖ్యంగా ఇవే అందులో ఉంటాయి. దొంగతనం ఉండదు, పగిలిన గొట్టం ఉండదు. మీ మీద దావా వస్తే నిలబడే లయబిలిటీ ఉండదు. కిరాయిదారుని పెట్టుకున్నవాడికి లయబిలిటీ లేకపోవడం అంటే చిన్న లోటు కాదు. ఆ లోటు పూడ్చడానికి డిఫరెన్స్ ఇన్ కండిషన్స్ అనే జోడీ పాలసీ కొనాలి. రెండూ కలిపి చదివి, మధ్యలో ఏమైనా జారిపోతున్నాయేమో చూసుకోవాలి.

భూకంపం గురించి చెప్పకుండా ఫ్రీమాంట్ శ్రోతల్ని వదలకూడదు. హేవర్డ్ ఫాల్ట్ ఆ ఊళ్ళోంచే వెళుతుంది. మామూలు ఇంటి పాలసీలో భూకంపం లేదు. 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపం తర్వాత కంపెనీలు చేతులెత్తేస్తే, 1996లో కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ పుట్టింది. చాలా కంపెనీలు దాని పాలసీనే అమ్ముతాయి. డిడక్టబుల్, అంటే ముందుగా మీరు భరించాల్సిన వాటా, 5 శాతం నుంచి 25 శాతం దాకా ఉంటుంది. పెద్దింటికి తీసుకున్న ఆ పాలసీలో పెరట్లో విడిగా ఉన్న ఇల్లు కూడా కలిసి ఉంటుందని అనుకుని ఊరుకోవద్దు, పేరు పెట్టి అడగండి. వరదకీ అంతే. కేంద్ర ప్రభుత్వ వరద పాలసీ ఒక భవనానికి ఒకటే, ఇంటికి గరిష్ఠం 2 లక్షల 50 వేలు. పెరటి ఇంటికి రెండో పాలసీ కావాలి.

అద్దె దగ్గరికి మళ్ళీ వద్దాం, కొన్ని మిగిలిపోయాయి. ఎయిర్‌బీఎన్‌బీలో రోజుకింతని తిప్పుదామనుకునేవాళ్ళు ముందు సిటీ నిబంధన చూడండి. 30 రోజులకి మించిన అద్దెకే ఇవ్వాలని చాలా ఊళ్ళు షరతు పెడతాయి, రాష్ట్ర చట్టం వాటికి ఆ అధికారం ఇచ్చింది. ఆ షరతు మీరిన ఇంటికి క్లెయిమ్ పెట్టాల్సి వస్తే ఎంత ఇరకాటమో చెప్పనక్కర్లేదు. ప్రమాదం జరిగి కిరాయిదారు ఖాళీ చేయాల్సి వస్తే, బాగుచేసే కాలానికి పోయిన అద్దె డీ కింద రావచ్చు. నెలకి 2,500 చొప్పున ఎనిమిది నెలలంటే 20 వేలు, తీసిపారేసే మొత్తం కాదు. కాని కిరాయిదారు అద్దె ఎగ్గొట్టి కూర్చుంటే ఏ పాలసీ మీ తరఫున కట్టదు.

కిరాయిదారు సామానుకి మీ పాలసీలో పైసా లేదు. అతనికి రెంటర్స్ పాలసీ ఉండాలి. ఒప్పందంలో దాన్ని షరతుగా పెట్టే హక్కు మీకుంది, పెట్టండి. మొహమాటపడి వదిలేస్తారు మనవాళ్ళు, "పాపం, కొత్తగా వచ్చిన కుర్రాడు, ఇంకో ఖర్చా" అని. ఆ కుర్రాడు పూరీలు వేయించడానికి మూకుడులో నూనె పెట్టి, ఫోన్ మోగితే బయటకి వెళ్ళాడనుకోండి. వంటింట్లో అంటుకున్న మంటకి అతని తరఫున నిలబడేది ఆ పాలసీలోని లయబిలిటీయే. అది లేకపోతే మీ కంపెనీ మీకిచ్చి, ఆ డబ్బు కోసం అతని వెంట పడవచ్చు. ఆ పాలసీ ఉండటం అతనికీ మంచిదే. ఇంటి పాలసీ లయబిలిటీ పైన అదనంగా ఇచ్చే అంబ్రెల్లా పాలసీ మీకు ఉంటే, పెరటి ఇంటి సంగతి ఆ కంపెనీకి కూడా తెలియాలి. కింది పాలసీ ఒప్పుకోని సంగతికి పై పాలసీ గొడుగు పడుతుందన్న నమ్మకం లేదు.

ఏజెంటుకి ఫోన్ చేసినప్పుడు "మా ఏడీయూకి కవరేజీ ఉందా?" అని మాత్రం అడగకండి. ఆయన "ఉంది సార్" అంటాడు, అబద్ధం కూడా కాదు, బీ కింద ఎంతో కొంత ఉంటుంది. ఇలా అడగండి: "నా పెరట్లో విడిగా 700 అడుగుల ఇల్లు ఉంది. కట్టడానికి ఇంత అయింది. మార్చి దాకా మా అమ్మానాన్న ఉంటారు, ఏప్రిల్ నుంచి బయటివాళ్ళకి అద్దె. అది పూర్తిగా కాలితే నాకు ఎంత వస్తుంది, ఏ పేజీలో ఉంది?" మార్చికి ఒక జవాబూ, ఏప్రిల్‌కి ఒక జవాబూ తీసుకోండి. మళ్ళీ వచ్చే ఏడు కిరాయిదారు వెళ్ళి అమ్మానాన్న వస్తుంటే, అద్దె ఎండార్స్‌మెంట్ తీసేయాలా ఉంచాలా అని కూడా అప్పుడే అడిగేయండి. ఖర్చులో పెద్ద తేడా లేకపోతే ఉంచేయడమే నయం, మధ్యలో వాట్సాప్‌లో ప్రకటన పెట్టిన రోజులకి కూడా అది పనికొస్తుంది. ఫోన్ పెట్టేసిన వెంటనే, ఆయన చెప్పిందే నాలుగు వాక్యాల్లో రాసి, "మీరు చెప్పింది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అని ఈమెయిల్ పంపండి. జవాబు వచ్చాక పాలసీ కాగితాలతో కలిపి దాచుకోండి.